నాగవ్వ నమ్మని పచ్చ లైటు

నాగవ్వ మొదటిసారి నన్ను చూసినప్పుడు నా ముఖం చూడలేదు, నా బూట్లు చూసింది. తెల్ల బూట్లు. కాలువ గట్టు మీద నడిచే మనిషా, జీపు దిగి ఫోటో తీసుకుని మళ్లీ ఎక్కేసే మనిషా అన్నది ఆమె కాళ్లను బట్టి తేలుస్తుంది. అఖిల అని నా పేరు చెబితే తలూపి, ఊరు అడిగింది. వేల్పూర్ అన్నాను. అక్కడ ఎవరింటి పిల్లవని అడిగి, చెప్పాక, ఆ ఇంటి వెనక బావి ఉందా అని ఆరా తీసింది. ఉందన్నాను. ఆ బావి సంగతి కమ్మర్‌పల్లిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి మరీ ఖాయం చేసుకుందని నాకు వారం తర్వాత తెలిసింది.

ఇలాంటి మనిషితో నాకు పని పడింది. ఒళ్లు మండిందంటే మండదా మరి.

నేను నిజామాబాద్ ఖలీల్‌వాడిలో, డాక్టర్ల బోర్డుల మధ్య, ఒక స్కానింగ్ సెంటరు పై అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. కింద మనుషుల రోగాలు చూస్తారు, పైన మేం రోగమొస్తే తనే మందు వేసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఈ మాట మా యజమాని గోపీచంద్‌ది. పని ఇవ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్తాడు, వాళ్లు నవ్వేదాకా ఆగుతాడు.

బోధన్ అవతల మంజీర ఒడ్డున ఒక క్యాంపు ఉంది. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ల ఊరది. ఇప్పటికీ పేరు క్యాంపే. దానికి దిగువన అసలు ఊరు. రెండూ కలిసి రైతుల సంఘం పెట్టుకుని, నదిలోంచి మోటర్లతో నీళ్లెత్తి కాలువలో పోసుకుంటారు. ఆరు కిలోమీటర్ల సిమెంటు కాలువ, దాని పొడుగునా పదకొండు తూములు. చెరకు ఫ్యాక్టరీ మూతపడ్డాక పైవాళ్లూ కిందివాళ్లూ వరికే దిగారు కాబట్టి నీళ్ల మీద అందరి కళ్లూ ఉంటాయి. మొదటి తొమ్మిది తూముల కింద క్యాంపు భూములు. చివరి రెండింటి కింద ఊరివాళ్ల చిన్న చిన్న మడులు. ఏ తూముకు ఎప్పుడు నీళ్లు వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చూసే నీరటి నాగవ్వ.

ఆమె పుట్టిల్లు మెండోర. గోదావరి ఒడ్డున పుట్టి మంజీర ఒడ్డుకు కోడలిగా వచ్చింది. నీరటి పని అత్తింటిది. ఊరి చెరువు నీళ్లు పంచిన ఇల్లే కదా అని సంఘం వాళ్లు ఈ కాలువ కూడా ఆమె భర్తకే అప్పగించారు. పన్నెండేళ్ల కిందట ఒక పొద్దున పంపుహౌసులో మోటరు మొరాయించింది. లైను తీసేశామని ఎవరో ఫోన్‌లో చెప్పారు. పెట్టె మీద ఎర్ర లైటు ఆరిపోయి ఉంది. ఆరింది కదా అని ఆయన చెయ్యి పెట్టాడు. లైటు మాడిపోయింది తప్ప కరెంటు పోలేదని అందరికీ ఆ తర్వాత తెలిసింది.

ఆయన పోయిన మూడో నెలలో నాగవ్వ భర్త పార భుజాన వేసుకుని గట్టెక్కింది. అప్పటినుంచి లైటు చెప్పిన మాటా నమ్మదు, ఫోన్ చెప్పిన మాటా నమ్మదు. చాయ్‌పత్తా పొట్లం వాసన చూడకుండా కొనదు. చదువు రాదు కాబట్టి ఏ కాగితమైనా ముగ్గురితో విడివిడిగా చదివించుకుంటుంది, ముగ్గురూ ఒకే మాట చెబితేనే వేలిముద్ర వేస్తుంది. కాలువ నీళ్లు కొలవడానికి ఆమె దగ్గర ఒక తుమ్మకర్ర ఉంది. దానికి మూడు గాట్లు. పై గాటు తడిస్తే నిండు, నడిమి గాటైతే ఫరవాలేదు, కింది గాటు దగ్గరే ఆగితే చివరి మడికి బురదే. ఆ కర్ర భర్తది.

ఆ కర్ర పని నా సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వడానికి మేం పోయిన వానాకాలం వెళ్లాం. ప్రతి తూము దగ్గరా కాలువ మీదికి వంగిన ఇనుప గొట్టం, దాని చివర రేకు టోపీ, టోపీ కింద నీళ్లకేసి చూసే ఒక యంత్రం. అది చప్పుడును కిందికి పంపి, తిరిగొచ్చిన వేళను బట్టి నీటి ఎత్తు చెప్తుంది. ఊళ్లో అందరూ దాన్ని కన్ను అన్నారు. పదకొండు కళ్లు చెప్పింది విని సాఫ్ట్‌వేర్ తూములు తెరుస్తుంది, మూస్తుంది. అంతా బాగుంటే నా ఫోన్‌లో, రైతుల ఫోన్‌లో పచ్చ లైటు.

ఇందులో నా సొంత తెలివి ఒకటుంది. దానికి మురిసిపోయాను కూడా. కన్ను పాడైతే నిజామాబాద్ నుంచి మనిషి రావాల్సిన పని లేకుండా, సాఫ్ట్‌వేరే బాగుచేసుకునేలా రాశాను. ప్రతి కన్నుకూ వందకు ఇన్ని అని నమ్మకం మార్కులుంటాయి. ఒక పూట ఒకటి, ఇంకో పూట ఇంకొకటి చెప్పే కన్నుకు మార్కులు పడిపోతాయి. నిలకడగా చెప్పేదానికి పెరుగుతాయి. మార్కులు తక్కువైన కళ్ల లెక్కను, ఎక్కువున్న కన్నును చూసి సాఫ్ట్‌వేర్ దిద్దుతుంది. దిద్దాక పాత లెక్క ఎందుకని తుడిచేయమని కూడా నేనే రాశాను.

నాగవ్వకు ఇదంతా గట్టు మీద కూర్చుని విడమరిచి చెప్పాను. శ్రద్ధగా వింది. అంతా విని, మరి తప్పు చెప్పేది కూడా నిలకడగా చెబితేనో అని అడిగింది. అలా జరగదన్నాను. గాలికి, నాచుకు, బర్రెలు దిగినందుకు నీళ్లు కదులుతూనే ఉంటాయి కాబట్టి పాడైన కన్ను ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుందన్నాను. ఆమె కర్ర తీసుకుని లేచి వెళ్లిపోయింది.

దసరా నాడు సంఘం వాళ్లు కాలువ మీద ఆయుధ పూజ చేశారు. మోటర్లకు, తూముల చక్రాలకు, నా కళ్లకు. సంఘం అధ్యక్షుడు వీరరాఘవయ్య గారు నన్ను కూడా పిలిచారు. ఆయన భార్య సుమిత్రమ్మ వాళ్లింట్లో గారెలు పెట్టింది. నేను మా ఇంటి పసుపు తీసుకెళ్లాను. తర్వాత వానలు బాగా పడ్డాయి, ఎవరికీ కాలువతో పనే లేకపోయింది.

గొడవ యాసంగిలో మొదలైంది. నాట్లు పడ్డ మూడో వారానికి పదో తూము, పదకొండో తూము కింద మడులు నెర్రెలిచ్చాయి. నా ఫోన్‌లో మాత్రం కాలువ నిండుగా ఉంది, చివరి తూములకు వంతు ప్రకారం నీళ్లు వెళ్లాయి, పచ్చ లైటు వెలుగుతోంది. చివర రెండెకరాలున్న నర్సింలు ఆఫీసుకు ఫోన్ చేసి, కాలువలో నీళ్లు లేవని తిట్టినంత పని చేశాడు. నీళ్లున్నాయని లెక్క చూపించాను. ఆ లెక్కనే నా పొలంల పారియ్యు అని పెట్టేశాడు.

ఇంతలో సాఫ్ట్‌వేర్ ఇంకోటి పట్టుకుంది. చివరి రెండు తూములను ఎవరో చేత్తో తిప్పుతున్నారు. అది మూసిన కాసేపటికి ఎవరో చక్రం తిప్పి తెరుస్తున్నారు. ఎక్కువ పారిన నీళ్లను సరిచేయడానికి అది మర్నాడు ఇంకా ముందే మూస్తోంది. మర్నాడు ఆ ఎవరో ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచుతున్నారు. నెల రోజుల్లో నలభై ఒక్కసారి. చక్రాల తాళంచెవి నాగవ్వ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

నేను రిపోర్టు రాశాను. నలభై ఒక్క వరసలు, ప్రతి వరసకూ తేదీ, వేళ, దాని పక్కన ‘అక్రమంగా తెరిచింది: నాగవ్వ’. నాకు ఎంత తృప్తిగా అనిపించిందో దాచిపెట్టను. బావి సంగతి చెల్లెలిని అడిగిన మనిషి దొరికిందనుకున్నాను.

ఆ కాగితం ఊరు చేరాక ఎవరూ ఎవరినీ నమ్మలేదు. చివరి మడులు నాగవ్వ వాళ్లవే, తనవాళ్లకు దొంగతనంగా నీళ్లు పెడుతోందని క్యాంపువాళ్లు అనుకున్నారు. దసరాకు వాళ్లింట్లో గారెలు తిన్న పిల్ల వాళ్ల పక్షం కాక ఎవరి పక్షం రాస్తుందని ఊరివాళ్లు నా గురించి అనుకున్నారు. చాయ్ హోటల్లో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. వీరరాఘవయ్య గారు ఆదివారం సంఘం మీటింగు పెట్టారు. నాగవ్వను తీసేసి తాళాలు తీసుకోవడమే అందులో పని. అత్తింటి నుంచి వచ్చిన పనీ, భర్త తర్వాత ఇల్లు నడిపిన పనీ అదొక్కటే ఆమెకు.

శనివారం నన్ను గోపీచంద్ పంపాడు. చక్రం తిప్పుతుండగా ఒక ఫోటో ఉంటే మీటింగులో ఎవరూ నోరెత్తరన్నాడు. బోధన్ దాకా బస్సులో, అక్కడినుంచి ఆటోలో వెళ్లి, పొద్దున పది గంటలకు పదకొండో తూము దగ్గర కందిచేను చాటున కూర్చున్నాను. ఇంత చదువు చదివి కందిచేలో నక్కడమేమిటని సిగ్గేసింది. అయినా కూర్చున్నాను.

నాగవ్వ సరాసరి నా దగ్గరికే వచ్చింది.

“పట్టనీకి వచ్చినవా బిడ్డా?”

చేతిలో ఫోన్ వెనక్కి దాచాను.

“తీస్కో ఫోటో. తిప్పుతనే ఉన్న, నేనేం దాస్తలేను. తాళంచెవి గూడ పడాలె ఫోటోల. కానీ ముంగట నాతోని నడువు. కింది నుంచి మీదికి నడుద్దాం.”

నడిచాను. ఈసారి కాళ్లకు చెప్పులే ఉన్నాయి. పదకొండో తూము దగ్గర ఆమె కర్ర కాలువలో నిలబెట్టింది. నడిమి గాటు కూడా తడవలేదు. నా ఫోన్‌లో అరవై సెంటీమీటర్లు అని ఉంది. కర్ర పాతకాలందని నేను సంచిలోంచి టేపు తీసి కొలిచాను. నలభై ఒకటి. పదో తూము దగ్గర ఫోన్‌లో అరవై ఒకటి, టేపులో నలభై రెండు. తొమ్మిది, ఎనిమిది, ఏడు, అన్నీ అంతే. ప్రతి చోటా నీళ్లు ఉన్నదానికంటే జానెడు ఎక్కువ చూపిస్తోంది నా సాఫ్ట్‌వేర్. ఇన్ని కళ్లు ఒకేసారి పాడుకావు. ఎవరో లోపలికి జొరబడి లెక్కలు మార్చారనుకున్నాను. నాగవ్వ మనిషి ఎవరైనా ఆఫీసులో ఉన్నాడా అని కూడా అనుకున్నాను. ఆమెకు అక్షరం రాదన్న సంగతి ఆ నిమిషాన నాకు గుర్తుకు రాలేదు.

నాలుగో తూము దగ్గర ఫోన్‌లో అరవై రెండు. నమ్మకం మార్కులు వందకు వంద. పాత రోజులు వెనక్కి తిప్పాను. నిన్న అరవై రెండు. సంక్రాంతి నాడు అరవై రెండు. నవంబరులో అరవై రెండు. మిగిలిన కళ్లన్నీ గాలికీ నాచుకూ పైకీ కిందికీ ఊగుతుంటే ఇదొక్కటి నాలుగు నెలలుగా ఒకే మాట మీద ఉంది. ఇంత నిలకడ చూసి సాఫ్ట్‌వేర్ దాన్ని నెత్తిన పెట్టుకుంది. నిజం చెబుతున్న పది కళ్లనూ దాన్ని చూసి దిద్దింది. దిద్ది, నేను చెప్పినట్టే పాత లెక్కలు తుడిచేసింది. కాలువ నిండుగా పారుతోందని నమ్మి, చివరి తూములు తొందరగా మూసింది.

“ఇది గుడ్డిదైంది,” అంది నాగవ్వ. “నీళ్లల్ల పార వెట్టి ఊపిన. నర్సింలు ఫోన్ల దీని అంకె ఉలకలే పలకలే. సెప్తె ఎవలింటరు?”

తూము పలక మీద బోర్లా పడుకుని తల కిందికి వేలాడేసి టోపీ లోపలికి చూశాను. కన్ను మీద దళసరిగా పసుపు, ఎండి బిగిసిపోయి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు. పసుపు మీద మూడు వేళ్ల గీతలు. టోపీ కింద వాన తగలదు, ఎండ తగలదు కాబట్టి దసరా నాడు ఎలా పూశారో అలాగే ఉంది. అది పంపిన చప్పుడు ఆ పసుపుకే తగిలి వెనక్కి వస్తోంది.

ఆ వేళ్లు నావి. మిగతా కళ్లకు ఇనుప గొట్టం మీదే బొట్టు పెట్టి, నాలుగోది మేం బిగించిన మొదటి కన్ను కదా అని, పెద్దబిడ్డకు పూసినట్టు చెయ్యి లోపలికి పెట్టి నిండుగా పూశాను.

ఒక్కసారిగా నా గోరు పసుపు మీదికి వెళ్లింది. నాగవ్వ మణికట్టు పట్టుకుంది. పార పట్టిన చెయ్యి, వదిలించుకోవడం నా వల్ల కాలేదు.

“గీకకు. గీకితె మంచిగైతది గద?”

“అవుతుంది అవ్వా.”

“మంచిగైనంక తప్పు ఎవలు జేసిన్రంటరు?”

గీకిన గంటలో కన్ను నిజం చెప్పడం మొదలుపెడుతుంది. సాయంత్రానికి సాఫ్ట్‌వేర్ తనే అన్నీ సరిచేసుకుని, ‘మరమ్మతు పూర్తి’ అని ఒక్క ముక్క రాసుకుని, జరిగిందంతా తుడిచేస్తుంది. చివరి మడులకు నీళ్లెక్కుతాయి. ఆదివారం మీటింగులో అందరూ, చూశారా, భయం పెట్టగానే నాగవ్వ చెయ్యి ఆగింది, కాలువ బాగుపడింది అంటారు. నా రిపోర్టు నిజమైపోతుంది. నా గోరు వెళ్లింది పసుపు తీయడానికే అని చెప్పుకోగలను. కానీ ఈ లెక్కంతా ఆ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. అదే జరిగితే బాగుండునని కూడా అనిపించింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే పట్టుకుంది.

వీరరాఘవయ్య గారికి ఫోన్ చేశాను. ఆయన వచ్చేదాకా నాగవ్వ నన్ను ఆ కన్ను దగ్గర ఒంటరిగా వదల్లేదు. దాహమేస్తోందంటే నాతోపాటు బోరు దాకా వచ్చి, నాతోపాటే వెనక్కి వచ్చింది.

ఆయన స్కూటర్ దిగి, మోకాళ్లు పట్టుకుని వంగి, నా ఫోన్ వెలుగులో టోపీ లోపలికి చాలాసేపు చూశారు. డెబ్బై దాటిన మనిషి. లేచి పంచె దులుపుకున్నారు.

“ఇదన్నమాట సంగతి. నాగవ్వా, రేపు మీటింగనగా ఇవాళ పసుపు పూసి మాకు చూపిస్తున్నావా? ఈ అమ్మాయిని కూడా నమ్మించావే.”

నాగవ్వ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను అబద్ధం చెబుతానన్న నమ్మకం ఆమె కళ్లలో స్పష్టంగా కనిపించింది. ఆ చూపుకు నాకు ఏడుపొచ్చింది. తప్పించుకునే దారి పెద్దమనిషే తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ఊరుకుంటే చాలు.

“నేనే పూసిన సార్,” అన్నాను. “దసరా నాడు.”

ఆయన నమ్మలేదు. ఆమె మీద జాలితో అంటున్నానన్నారు. అప్పుడు ఫోన్‌లో దసరా ఫోటో తీశాను. ఆ రోజు మా వాళ్లందరికీ పంపిన ఫోటోనే. నాలుగో తూము, టోపీ లోపలికి పెట్టిన నా చెయ్యి, పసుపు పళ్లెం పట్టుకున్న సుమిత్రమ్మ, పక్కన దండం పెడుతున్న వీరరాఘవయ్య గారు. ఫోటో అంచున, గట్టు మీద, కర్ర పట్టుకుని ఒక్కతే దండం పెట్టని నాగవ్వ.

ఆయన ఫోన్ నా చేతికిచ్చి కాలువ వైపు తిరిగి నిలబడ్డారు. రేపు మీటింగులో ఈ ఫోటో చూపించమన్నారు. తాళాలు ఆమె దగ్గరే ఉంటాయన్నారు. నాగవ్వకు క్షమాపణ చెప్పలేదు. ఆమె కూడా అది అడగలేదు. అడిగింది ఇంకోటి.

“గా కాయితంల నా పేరు నలభై ఒక్కసారి రాసినవు. గవన్ని దిద్దు.”

దిద్దాను. సాఫ్ట్‌వేర్‌నూ దిద్దాను. ఇప్పుడు నెలల తరబడి ఒకే మాట చెప్పే కన్నునే అది ముందు అనుమానిస్తుంది. పాత లెక్క ఒక్కటి కూడా తుడవదు. ఏ కన్నునైనా దిద్దేముందు నాగవ్వకు ఫోన్ చేసి, ఫలానా తూము దగ్గర నీళ్లెంత అని అడుగుతుంది. ఆమె కర్ర పెట్టి చూసి చెప్పాకే దిద్దుతుంది. ఫోన్‌లో అడిగేది మనిషి కాదని ఎన్నిసార్లు చెప్పినా, రోజూ దాన్ని ఎవరింటి పిల్లవని అడుగుతూనే ఉంది. తనంతట తాను బాగుపడుతుందని గొప్పగా అమ్ముకున్న సరుకు ఇప్పుడు ఒక ముసలామెను అడక్కుండా పని చేయదని గోపీచంద్ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కొత్త రిపోర్టు నేనే తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాను. నలభై ఒక్క వరసలు. అవే తేదీలు, అవే వేళలు. ఆ నెల రోజులూ కాలువను బాగుచేసింది ఎవరో అంతా తెలిశాక ఇంకేం రాయాలి? ప్రతి వరస పక్కనా ‘మరమ్మతు చేసింది: నాగవ్వ’ అని రాశాను.

నన్ను చదవమంది. నలభై ఒక్కసారీ చదివించింది. తర్వాత నర్సింలును పిలిచి చదివించింది. చాయ్ హోటలాయనతో చదివించింది. ముగ్గురం ఒకే మాట చదివాం. ఇంకనైనా నమ్మకం కుదిరిందా అవ్వా అని అడిగాను.

“ముగ్గురూ ఒక్క తీర్గనే సదివిన్రు,” అంది. “పది కండ్లు గూడ ఒక్క తీర్గనే సెప్పె గద బిడ్డా.”

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. రేషన్ దుకాణం సుధారాణి మధ్యాహ్నం వస్తుంది, ఆమెతో చదివిస్తానంది. భుజాన పార, చేతిలో కర్ర, పదకొండో తూము వైపు నడిచింది. నేను ఆ మధ్యాహ్నం బస్సు వదిలేసి, సుధారాణి వచ్చి చదివేదాకా అక్కడే కూర్చున్నాను.